పక్కు కట్టని గాయం

జబ్బు ఎలా మొదలవుతుందో చెప్పే పుస్తకాలు మా కొవ్వూరు లైబ్రరీలో ఉన్నాయి. నోట్లో ఏ రంగు మచ్చ కనిపిస్తే భయపడాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలో వాటిలో రాసి ఉంది. కోసేసిన తరవాత ఆ నోరు ఎలా మానుతుందో, మానేటప్పుడు చూస్తే ఎంత భయం వేస్తుందో మాత్రం నేను చదివిన వాటిలో ఎక్కడా లేదు. అది తెలియక మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా పొరబడ్డాం. అందులో ఒక పొరబాటు నా నోటి మీదికే వచ్చింది. అలాంటి ఆపరేషన్ చేయించుకుని, అద్దం ముందు నోరు తెరుచుకుని వణికే మనిషి ఇంకొకరు ఎక్కడో ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. రాస్తే నా వణుకు కూడా తగ్గుతుందని ఆశ.

నా పేరు దుర్గ. మా ఇల్లు గోదావరి గట్టు కింద. మా ఆయన వీర్రాజు నదిలో వల వేస్తాడు. ఆ చేపల్ని గంపలో పెట్టుకుని వీధివీధికీ తిరిగి అమ్మేది నేను. బడిలో ఐదో తరగతితో ఆగిపోయాను. తరవాత చదివిందంతా లైబ్రరీలోనే. బేరం అయ్యాక చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని, చీర మార్చుకుని వెళ్తాను. అయినా వాసన పూర్తిగా పోదు. లైబ్రేరియన్ విశాలాక్షి గారు మొదటి రోజే కిటికీ పక్క కుర్చీ చూపించి, "ఇక్కడ గాలి బాగా వస్తుందమ్మా" అన్నారు. ఎందుకు చూపించారో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట అన్న తీరు నచ్చి ఆ కుర్చీని ఇన్నేళ్ళూ వదల్లేదు. ఆరోగ్యం పుస్తకాల బీరువాలో నేను చదవనిది లేదు. గొప్పకే చెబుతున్నాను.

2001, శ్రావణం

గోదావరికి వరద ఎర్రనీరు వచ్చి పులస చేపలు పడుతున్న రోజులు. ఆ కాలంలో నా గొంతు వీధి మొదట్లో లేస్తే చివరింటి తలుపు తెరుచుకోవాలి. కేక బాగుంటేనే బేరం. సరిగ్గా అప్పుడే అంగిట్లో ఏదో గరుకుగా నాలిక్కి తగలడం మొదలైంది. పులుసు తింటే నోట్లో నిప్పు పోసినట్టు ఉండేది.

నిప్పు సంగతి ముందు చెప్పాలి. మా ఇంట్లో ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు. తెలియని వాళ్ళ కోసం: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. పడవ మీద గాలికి ఆరిపోదు, నీటి తుంపర తగలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మా అత్త నూకాలమ్మ కాకినాడ వైపు సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి. ఆ అలవాటు ఆవిడతో పాటు ఈ ఇంటికి వచ్చింది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, తెల్లవారి చలికి వణుకుతూ చేపలు తోముతుంటే, ఆవిడే ఒక చుట్ట ఇచ్చి, నాలిక కాలకుండా ఎలా పెట్టుకోవాలో నేర్పింది. అత్తాకోడళ్ళం ఒకే చుట్టని పంచుకున్న రోజులు చాలా ఉన్నాయి. అది ప్రేమ అనుకునేదాన్ని. అనుకోవడమేంటి, ప్రేమే.

ఒక రోజు గుమ్మంలో వెలుతురుకి నిలబడి అద్దంలో చూసుకున్నాను. అంగిలి వెనక భాగమంతా తెల్లగా, నెర్రెలిచ్చిన నేలలా ఉంది. మధ్యలో ఒక ఎర్రటి చోటు. ఆ బొమ్మ నేను పుస్తకంలో చూసిందే.

"అత్తా, అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. పుస్తకంలో ఉన్నట్టే ఉంది."

"పొగ తాగేవోళ్ళ నోరు తెల్లగా కాక పచ్చగా ఉంటాదేటే? మా అమ్మకీ ఉండేది, మా అమ్మమ్మకీ ఉండేది. పుస్తకాలు సదివి లేని రోగం ఇంటికి తేకు."

"ఒకసారి చూపిద్దాం లేవే అమ్మా. చూపిస్తే పోయేదేముంది?" అన్నాడు మా ఆయన.

"నీ పెళ్ళానికి వత్తాసు పలకడానికే పుట్టావురా నువ్వు!"

ఆశ్వయుజం

మా అత్తతో కలిసి ముగ్గురం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాం. ఆ ఆసుపత్రిలో వేచి ఉండే గది ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. చేపల బజారులో పెరిగినదాన్ని, అంతమంది కూర్చుని అంత నిశ్శబ్దంగా ఉన్న చోటు నేను చూడలేదు. అందరి నోళ్ళకీ తువ్వాలో, పైటకొంగో అడ్డం ఉంది. కళ్ళు మాత్రమే మాట్లాడుకుంటున్నాయి. ఒక పెద్దాయన పలక మీద "టైమెంత?" అని రాసి నాకు చూపించాడు. నేను గోడ గడియారం వైపు వేలు చూపించాను. మాట్లాడగలిగి కూడా వేలే చూపించాను. ఎందుకో సిగ్గేసింది.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ జవాబు కోసం ఆ గదికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. చివరికి డాక్టరు శశికళ గారు పిలిచి చెప్పారు.

"ఇంకా కాన్సర్ కాలేదండి. ఇలాగే వదిలేస్తే అవుతుంది. తీసేయాలి. అంగిట్లో ఆ భాగం, దాని వెనక కొంచెం ఎముక, పక్కనున్న ఒక పన్ను. బుగ్గ లోపలా, నాలిక అంచునా చిన్న మచ్చలున్నాయి, అవి కూడా."

"తరవాత కేక వెయ్యగలనా అండీ? నేను చేపలమ్ముకునేదాన్ని."

"అంగిలి పూర్తిగా మూసుకుంటే వేయగలరు. అక్కడ పలచన. సరిగ్గా మూసుకోకపోతే ముక్కులోకి చిల్లు పడుతుంది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, గాలి కూడా అటే పోతుంది. 'బ' అనబోతే 'మ' వస్తుంది."

బయటికి వచ్చాక మా ఆయన మెల్లగా, "అయితే బొచ్చె కాస్తా మొచ్చె అవుద్దన్నమాట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మెట్లు దిగేసరికి ఆ నవ్వు పోయింది. వీధిలో నిలబడి బొచ్చె చేపని "మొచ్చె" అని అరిచే మనిషి దగ్గర ఎవరు కొంటారు? పిల్లలు వెంటపడి వెక్కిరిస్తారు.

ఒక మాట మరిచాను. గదిలోంచి లేస్తుంటే డాక్టరు గారు మా అత్త వైపు తిరిగి, "మామ్మగారూ, మీకూ అడ్డపొగ అలవాటేనా? ఓసారి నోరు తెరవండి, చూస్తాను" అన్నారు. మా అత్త పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకేటమ్మా! నా నోరు రాయి. వచ్చింది దాని కోసం, నా కోసం కాదు."

కార్తీకం

కార్తీకంలో సగం ఊరు చేప ముట్టదు. ఎలాగూ బేరం పడుకునే నెల అని ఆపరేషన్ ఆ నెలకే పెట్టించుకున్నాం.

మెలకువ వచ్చాక నా నోరు నాది కాదు. అంగిటికి మందు గుడ్డ పెట్టి కుట్టేశారు. నొప్పి ఒక్కటి కాదు. నాలిక అంచున కత్తి గీతలాంటిది, బుగ్గలో లాగుతున్నట్టు, పన్ను పోయిన చోట బావిలోంచి వస్తున్నట్టు సలుపు. అంగిలి మాత్రం మొద్దుబారి ఊరుకుంది. నేను భయపడింది ఆ ఊరుకున్న దాని గురించే. రూతమ్మ సిస్టర్ నాకొక పలక తెచ్చి ఇచ్చింది. "నీకు చదువొచ్చంట కదా, గోల చెయ్యకుండా రాసుకో" అని వేళాకోళం ఆడింది. నా వార్డులో రాయగలిగింది నేనొక్కదాన్నే. మిగతా ఆడవాళ్ళు సైగలు చేస్తే వాళ్ళ మాట నేను పలక మీద రాసి పెట్టేదాన్ని.

డాక్టరు గారు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి రాసి అడిగేదాన్ని. ఆవిడ విసుక్కోకుండా చెప్పేవారు. నాలిక్కి రక్తం బాగా అందుతుంది కాబట్టి అది ముందు మానుతుంది. బుగ్గ దాని వెనకే. పన్ను తీసిన గుంట పైకి మూసుకున్నట్టు కనిపించినా లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. అంగిలి చర్మం ఎముక మీద బిగుతుగా పరుచుకుని ఉంటుంది. దాన్ని లాగి కుట్టడానికి వీలు లేదు. చుట్టూ అంచుల నుంచి కొత్త చర్మం పాక్కుంటూ లోపలికి రావాలి. "దాన్ని మాత్రం తొందరపెట్టకండి" అన్నారు. నోరంటే ఒక్కటే అనుకున్నాను. అందులో నాలుగు ఊళ్ళున్నాయి, ఒక్కో ఊరికి ఒక్కో నడక.

ఇంటికి వచ్చాక మజ్జిగ, గంజి. పక్కింటి రమణమ్మ నా మొహం చూడలేక పప్పుకట్టు కాచి తెచ్చింది. మా అత్త గుమ్మంలోనే ఆపింది.

"పచ్చిపుండు మనిషికి పప్పేటే? చీము పడతాది!"

"పప్పు కాదు పిన్నీ, పైన తేటే. మనిషికి బలం రావద్దా?"

"బలం సంగతి నువ్వు నాకు చెప్పకు. మీ ఇంట్లో అందరూ బలంగా ఉన్నారు కదా, చూత్తన్నాంగా!"

ఆకలి మీద ఉన్నాను. గిన్నె లాక్కుని తాగేశాను.

మళ్ళీ రమ్మన్న రోజున ఆసుపత్రిలో గుడ్డ తీసేసి, ఉప్పునీళ్ళతో పుక్కిలించమని చెప్పి పంపేశారు. ఆ మర్నాడు పొద్దున్న మా ఆయన టార్చి పట్టుకున్నాడు, నేను అద్దం పట్టుకున్నాను. అంగిలి తెల్లగా ఉంది. గాయం ఎంత మేర ఉందో అంత మేరా తెల్లగా, కొంచెం పసుపు తిరిగి.

"గంజి మీగడేమోనే, అంటుకుంది" అన్నాడు మా ఆయన.

మా అత్త తొంగి చూసింది. "చీము! చెప్పానా? ఆ రమణమ్మ చెయ్యి పడ్డాకే ఇలాగయింది."

నేను పలక తీసుకుని "మళ్ళీ వచ్చింది" అని రాశాను. మా ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి టార్చి ఆర్పేశాడు. నాకు పుస్తకంలో తెల్లమచ్చ అన్న మాట ఒక్కటే కనిపిస్తోంది. తెల్లదనాన్ని చూసి భయపడమని నేర్పిన పుస్తకం, భయపడక్కర్లేని తెలుపు కూడా ఒకటుందని నేర్పలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్దామని మా ఆయన అన్నాడు. అన్నవాడు వల తియ్యడానికి నది మీదికి వెళ్ళాడు. గోడ అవతల రమణమ్మతో మా అత్త జగడం ఒక పూటంతా సాగింది. అది అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. వేలికి తెల్లటి గుడ్డ చుట్టుకుని, ఉప్పూ పసుపూ అద్దుకుంది.

"నోరు తెరు తల్లీ. చీము తీసేత్తే పుండు మానతాది. మీ మావకి కాల్లో ముల్లు దిగితే ఇలాగే తీసేదాన్ని. ఒక్క క్షణం ఓర్చుకో."

నేను వద్దని రెండు చేతులూ ఊపాను. నొప్పికి భయపడుతున్నాను అనుకుంది. నా గడ్డం పట్టుకున్న ఆవిడ చెయ్యి ఎంత మెత్తగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ పొర కాగిన పాల మీద మీగడ తీసినట్టు లేచి వచ్చేసింది. దాని వెనకే రక్తం నోటినిండా వచ్చింది.

వంతెన మీద

రమణమ్మ తమ్ముడు నాగేశు ఆటో తెచ్చాడు. జగడమాడిన నోటితోనే మా అత్త వాళ్ళ గుమ్మంలో నిలబడి ఏడ్చిందని తరవాత తెలిసింది. వంతెన మీద అతుకు వచ్చిన ప్రతిచోటా నాగేశు ఆటో నెమ్మది చేశాడు. కింద రైలు పోతుంటే వంతెన వణికింది. నా గడ్డం కింద స్టీలు గిన్నె పట్టుకుని మా అత్త కూర్చుంది. కింద గోదావరి తేటగా ఉంది. ఇక ఆ నది పక్కన నా కేక వినిపించదు అనుకున్నాను.

డాక్టరు గారు గుడ్డ అదిమి పట్టి రక్తం ఆపారు. తరవాత అడిగారు.

"ఎవరు తుడిచారు?"

"నేనేనమ్మా" అంది మా అత్త. "చీమనుకున్నాను."

"చీము కాదు మామ్మగారూ. చేతి మీద గీరుకుపోతే ఏం కడుతుంది?"

"పక్కు."

"ఆ పక్కు పీకేస్తే?"

"మళ్ళీ రక్తం."

"నోరు ఎప్పుడూ తడే కదా. తడిలో పక్కు ఎండదు, నల్లబడదు. ఇలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. దాని కిందే కొత్త చర్మం పాక్కుంటూ వస్తుంది. మీరు తుడిచింది ఆ పక్కునే."

మా అత్త తన వేలి వైపు చూసుకుంది. నేను పలక తీసుకుని, "ముందే చెప్పి ఉంటే బాగుండేదండి" అని రాశాను. డాక్టరు గారు చదివి, కళ్ళజోడు తీసి, "నిజమే. చెప్పి ఉండాల్సింది" అన్నారు. అంత చదువుకున్న మనిషి ఆ మాట అనడం నాకు మందు కంటే ఎక్కువ పనిచేసింది.

చదివేవాళ్ళు ఇక్కడ ఆగి గుర్తుపెట్టుకోండి. నా జబ్బు తెలుపు గరుకుగా, నెర్రెలుగా, నెలల తరబడి కదలకుండా ఉంది. మానేటప్పటి తెలుపు మెత్తగా, గాయం ఉన్నంత మేరా వచ్చి, చుట్టూ అంచుల నుంచి గులాబీ రంగుకి చోటిస్తూ తనంతట తనే తగ్గింది. అయినా ఏది ఏదో ఇంట్లో తేల్చుకోకండి. చూపించండి. తుడవకండి.

మార్గశిరం, పుష్యం

నాలిక డాక్టరు గారు చెప్పినట్టే ముందు మానింది. ఎక్కడ కోశారో వెతుక్కోవాల్సి వచ్చింది. బుగ్గలో కుట్లు కరిగిపోయి ఒక తాడులాంటి గీత మిగిలింది. పన్ను గుంట పైకి మూసుకుంది. అంగిలి కూడా చుట్టూ గులాబీ రంగు తిరిగింది, వెనకవైపు ఒక్క చోట తప్ప. ఒక రోజు గంజి తాగుతుంటే ముక్కులోంచి కారింది. అక్కడ ఆవగింజంత చిల్లు మిగిలింది.

ఆ చిల్లుకి అడ్డంగా, అంగిటికి సరిపోయే ప్లేటు ఒకటి చేసి పెట్టారు. కొన్నాళ్ళు చూద్దాం, మూసుకోకపోతే ఇంకో ఆపరేషన్ అన్నారు. ప్లేటు తీసిన ప్రతి పొద్దుటా మా ఆయన నా ఎదురుగా కూర్చుని, "అను" అనేవాడు.

"మొచ్చె."

"మళ్ళీ అను."

"మొచ్చె."

"పర్వాలేదులే, రేపు చూద్దాం" అని వల భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. అతను గట్టు ఎక్కేదాకా కూర్చుని, తరవాత ఏడ్చేదాన్ని. చిల్లు పడడానికి ఆ తుడవడమే కారణమా అని డాక్టరు గారిని అడిగాను. చెప్పలేమన్నారు. అక్కడ ఎముక తీశాం కాబట్టి తుడవకపోయినా పడి ఉండొచ్చన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. మాటలు తగ్గించమని డాక్టరు గారు చెప్పిన సలహాని నేను ఒక్క మనిషి దగ్గరే గట్టిగా పాటించాను. మా అత్తతో మాట్లాడలేదు. ఆవిడ చుట్ట తాగడానికి బోర్లించిన పడవ వెనక్కి వెళ్ళిపోయేది. గంజి గిన్నె నా పక్కన పెట్టి, నేను ముట్టుకునేదాకా గుమ్మం దగ్గర నిలబడేది. రమణమ్మ ఇంటి నుంచి పప్పుకట్టు ఆవిడే అడిగి తెచ్చేదని నాకు తెలుసు. తెలిసినా చూడనట్టే ఉండేదాన్ని.

లైబ్రరీకి వెళ్తే విశాలాక్షి గారు మాట్లాడించకుండా కిటికీ పక్క కుర్చీ దులిపేవారు. ఇద్దరం బీరువా అంతా వెతికాం. జబ్బులున్నాయి, మందులున్నాయి. మానడం ఎక్కడా లేదు. ఆవిడ సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి నా ముందు పెట్టారు.

మాఘం

ఎప్పుడు మూసుకుందో తెలియదు. ఒక పొద్దున్న ప్లేటు తీసి నీళ్ళు తాగితే ముక్కు పొడిగా ఉంది. మళ్ళీ తాగాను. మా ఆయన వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండానే, "అను" అన్నాడు.

"బొచ్చె."

వల వదిలేసి గట్టు మీదికి పరుగెత్తి, ఎవరూ లేని నది వైపు "బొచ్చే!" అని అరిచాడు. రమణమ్మ కంగారుపడి, "ఏంటి, ఎవరు పడిపోయారు?" అని వచ్చింది.

అంతా అయిపోయిందని చెప్పను. కారం ఇంకా పడదు. నోరు పూర్తిగా తెరుచుకోదు. కేక వేస్తే వీధి మధ్య దాకా వెళుతుంది, చివరిదాకా వెళ్ళదు. చుట్ట మానేశాను. చలి పొద్దుల్లో నోరు దాని కోసం ఎదురుచూస్తుంది. అద్దంలో ఎక్కడ తెల్లగా కనిపించినా గుండె జారుతుంది, అన్నం మెతుకైనా సరే.

"బొచ్చె" అన్న ఆ రోజే, మధ్యాహ్నం ఎండ గుమ్మంలోకి వచ్చిన వేళ, మా అత్త లోపలికి వచ్చి నా ముందు చతికిలబడింది. చేతిలో మా ఆయన టార్చి ఉంది. దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

"మాటాడకపోతే మానెయ్యి. ఇది సూడు."

నోరు తెరిచింది. అన్నేళ్ళలో ఆవిడ నోటి లోపల నేనెప్పుడూ చూడలేదు. అంగిలంతా తెల్లగా, నెర్రెలుగా, వెనకవైపు ఒక ఎర్రటి చోటు. అంచు చిట్లి ఉంది. టార్చి ఆర్పేశాను.

నోరు మూసుకుని నా మొహంలోకి చూసింది.

"ఇది పక్కేనంటావా దుర్గా?"

మూడు నెలల తరవాత మా అత్తతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"కాదత్తా."

డాక్టరు శశికళ గారికి, నన్ను కోసిన చేతికి కాదు, "చెప్పి ఉండాల్సింది" అన్న మాటకి. పలక ఇచ్చిన రూతమ్మ సిస్టర్‌కి. అతుకు అతుకుకీ ఆటో నెమ్మది చేసిన నాగేశుకి. తిట్లు తిని కూడా తేట కాచిన రమణమ్మకి. కుర్చీ ఇచ్చి, కాగితాలు ఇచ్చిన విశాలాక్షి గారికి. రోజూ "అను" అన్న వీర్రాజుకి. వీళ్ళందరికీ నా దండాలు.

పై సోమవారం మళ్ళీ వంతెన దాటుతున్నాం. ఈసారి గిన్నె పట్టుకునేది నేను. ఆ గదిలో పలక మీద ఆవిడ మాట రాసేది కూడా నేనే. మా అత్త నూకాలమ్మకి ఆఖరి దండం, నోరు తెరిచినందుకు.